టోకెన్ నంబరు పిలిచేదాకా

నేను చాలాకాలం పనిచేసిన బ్యాంకు బ్రాంచి కొత్త భవనానికి మారుతోందని, పాత భవనం తాళాలు యజమానికి అప్పగించేలోగా ఒకసారి వచ్చి చూసి వెళ్లమని అక్కడి పిల్లలు కబురు చేశారు. పిల్లలంటే ఇప్పటి ఉద్యోగులు. వెళ్లేసరికి ముందు హాలు అప్పటికే బోసిపోయి ఉంది. వెనక రికార్డు గది తలుపు తీయగానే వచ్చిన వాసన నన్ను గుమ్మంలోనే ఆపేసింది. పాత కాగితం, ఎండిన జిగురు, కలరా ఉండలు, వాటన్నిటి అడుగున ఎక్కడో లక్క. నోట్ల సంచుల మూతులకూ, రిజిస్టర్డ్ కవర్ల వెనకా లక్క కరిగించి బ్యాంకు ముద్ర వేసేవాళ్లం. సాయంత్రం నాలుగు దాటాక కొవ్వొత్తి వెలిగించి ఆ పని మొదలుపెడితే, ఇంటికి వెళ్లేదాకా ఆ వాసన చీర కొంగుకు పట్టుకుని ఉండేది.

భద్రపరచాల్సిన గడువు తీరిన లెడ్జర్లను కట్టలు కట్టి గోడవార పేర్చారు. ఖాకీ గుడ్డ అట్ట, మూలలకు ఎర్ర తోలు. ఒక్కొక్కటి రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. పై కట్టలోంచి ఒకటి జరిపి తెరిచాను. నా చేతిరాతే. నీలి సిరాతో నేను వేసిన అంకెలు, పక్కన ఆకుపచ్చ సిరాతో మా అధికారి పెట్టిన పొట్టి సంతకం. అంకెలను చూస్తూ నిలబడ్డానే గాని, నా కళ్లకు కనిపించినవి అంకెలు కావు. ఆ అంకె పడేదాకా హాల్లో చెక్క బల్ల మీద కూర్చుని ఎదురుచూసిన మనుషులు.



ఖాతాలోంచి డబ్బు తీసుకోవడం అప్పట్లో ఎలా ఉండేదో చూడనివాళ్లకు చెప్పాలి. విత్‌డ్రాయల్ ఫారం నింపి, పాస్‌బుక్కుతో కలిపి కౌంటర్లో ఇచ్చేవారు. రాయడం రానివారికి మేమో, పక్కన నిలబడ్డవారో నింపిపెట్టేవాళ్లం. ఫారం మీద నంబరు వేసి, అదే నంబరు చెక్కిన ఇత్తడి టోకెన్ చేతికిచ్చేదాన్ని. అప్పుడు మొదలయ్యేది అసలు పని. ఖాతా నంబరును బట్టి లెడ్జర్ తీయాలి, పేజీ పట్టుకోవాలి, నిల్వ చూడాలి, తీసిన సొమ్ము రాయాలి, మిగిలింది తేల్చాలి, పొట్టి సంతకం పెట్టాలి. లెడ్జర్‌నూ ఫారాన్నీ కలిపి అటెండరు అధికారి బల్ల మీదికి చేరవేసేవాడు. ఆయన డ్రాయరులోంచి నమూనా సంతకం కార్డు తీసి, ఫారం మీది సంతకంతో పోల్చి, నా కూడికలూ తీసివేతలూ సరిచూసి పాస్ చేసేవారు. అక్కడినుంచి ఫారం కేషియర్‌కు వెళ్లేది. ఆయన తన పుస్తకంలో ఎక్కించుకుని, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, ఇనుప జాలీ వెనకనుంచి టోకెన్ నంబరు పిలిచేవారు.

మా హెడ్ క్యాషియర్ గారిది పెద్ద గొంతు. ఆయన ఒక నంబరు పిలిస్తే బయట సైకిలు స్టాండు దగ్గర ఉన్నవాళ్లు కూడా లోపలికి వచ్చేవారు. ఆ గొంతు, లెడ్జర్ మూసినప్పుడు వచ్చే దబ్బుమనే చప్పుడు, రబ్బరు స్టాంపు కొట్టే చప్పుడు, పైన ఫ్యాను కిర్రుమనడం. ఇవి తప్ప హాల్లో పెద్దగా శబ్దం ఉండేది కాదు. ముప్పై నలభై మంది ఉన్నా ఉండేది కాదు. జనం గుసగుసలతో మాట్లాడుకునేవారు.

ఆ నిశ్శబ్దాన్ని మేమందరం గౌరవం అనుకునేవాళ్లం. పదవీ విరమణ చేసిన మా వాళ్లు కలిసినప్పుడల్లా ఇప్పటికీ అదే మాట. "ఆ రోజుల్లో జనానికి ఎంత ఓపిక, ఎంత మర్యాద! ఇప్పుడు రెండు నిమిషాలు ఆలస్యమైతే మీద పడిపోతున్నారు" అంటారు. నేను ఈ మాట ఒప్పుకోలేను. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లను రోజూ ఎదురుగా చూసినదాన్ని. తమ డబ్బు తాము తీసుకోవడానికి వచ్చి కూడా వాళ్లు చేతులు కట్టుకుని నిలబడేవారు. "మీకు తీరిక ఉన్నప్పుడే చూడండి తల్లీ" అనేవారు. ఒక పెద్దాయన ఉండేవాడు, కూలి డబ్బులు కూడబెట్టి దాచుకునేవాడు. డబ్బు అందుకోగానే జాలీ వైపు తిరిగి దండం పెట్టి వెళ్లేవాడు. ఎన్నిసార్లు వద్దని చెప్పినా మానలేదు. ఇచ్చింది అతని సొమ్మే. దాన్ని మేము కాదంటే, లేదంటే, రేపు రమ్మంటే అతనికి చేయగలిగింది ఏమీ లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ నిశ్శబ్దం వెనక ఉన్నది ఓపిక కాదు, దిక్కులేకపోవడం.

1969 జూలై 19న 14 బ్యాంకులను, 1980లో మరో ఆరింటిని జాతీయం చేశాక మా ఊరివంటి చోట్లకు బ్యాంకు వచ్చింది. అంతకుముందు బ్యాంకు గడప తొక్కని మనుషులు లోపలికి రాగలిగారు. అది చిన్న విషయం కాదు. అయితే లోపలికి రావడం వేరు, లోపల నిలబడి "ఎందుకు ఆలస్యమైంది?" అని అడగగలగడం వేరు. ఈ రెండింటి మధ్య దూరం నా ఉద్యోగ జీవితమంత ఉంది.



పైఊరినుంచి డబ్బు రావడం ఇంకా పెద్ద కథ. ఇంకో రాష్ట్రంలో పనిచేస్తున్న కొడుకు తల్లి పేర చెక్కు పంపేవాడు. ఆమె దాన్ని తెచ్చి మాకిచ్చేది. మేము దాన్ని షెడ్యూలులో ఎక్కించి, రిజిస్టర్డ్ పోస్టులో ఆ ఊరి బ్యాంకుకు పంపేవాళ్లం. వాళ్లు అక్కడ ఖాతాలో సొమ్ము తీసి, మాకు కాగితం పంపాలి. ఆ కాగితం వచ్చాకే ఆమె ఖాతాలో జమ. రెండు మూడు వారాలు మామూలు. పండగలు, సమ్మెలు, వానలు వస్తే ఇంకా ఎక్కువ. ఆమె నాలుగు రోజులకోసారి వచ్చి కౌంటరుకు కాస్త దూరంగా నిలబడేది. నేను తల అడ్డంగా ఊపితే వెళ్లిపోయేది. చెక్కు ఏ దారిలో ఉందో ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. తెలుసుకునే మార్గం ఉంటుందని ఆమెకు గాని మాకు గాని తోచనైనా తోచలేదు.

మరీ అత్యవసరమైతే టెలిగ్రామ్ బదిలీ ఉండేది. అక్కడి బ్రాంచి టెలిగ్రామ్ కొట్టేది. దానిలో ఖాతా, సొమ్ముతోపాటు ఒక రహస్య సంకేతం ఉండేది. మేనేజరు తన తాళంలో ఉన్న సంకేతాల పుస్తకం తీసి, తేదీకీ మొత్తానికీ లెక్క కట్టి, సంకేతం సరిపోతేనే జమ చేయనిచ్చేవారు. ఆ పని చేసేటప్పుడు గదిలో ఎవరినీ ఉండనిచ్చేవారు కాదు. తపాలా జవాను సైకిలు దిగి గులాబీరంగు కవరు బల్ల మీద పెట్టగానే, ఆసుపత్రి ఖర్చుకోసం పొద్దుటినుంచి కాచుకున్న మనిషి లేచి నిలబడేవాడు. లోపల సంకేతం తేలేదాకా అలా నిలబడే ఉండేవాడు. 2013 జూలైలో దేశంలో టెలిగ్రామ్ సేవ ఆపేసినప్పుడు పత్రికల్లో చాలామంది పెళ్లి శుభాకాంక్షల గురించి, చావు కబుర్ల గురించి రాశారు. నాకు మాత్రం ఆ నిలబడ్డ మనిషే గుర్తొచ్చాడు.



పొదుపు ఖాతా వడ్డీకి ఒక నియమం ఉండేది. నెలలో 10వ తేదీనుంచి ఆఖరు తేదీవరకు ఖాతాలో ఏ రోజు అతి తక్కువ నిల్వ ఉంటే, ఆ నెలకు దాని మీదే వడ్డీ. 11న వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. నెలంతా ఉంచి 29న తీసి 30న మళ్లీ వేసినా రాదు. అందుకే ప్రతి నెలా 10వ తేదీకి కౌంటర్ ముందు తొక్కిసలాట. ఆ రోజు ఎండలో పడి పరుగెత్తుకొచ్చిన మనిషి "నిన్ననే వద్దామనుకున్నానమ్మా, బస్సు తప్పింది" అని చెప్పుకునేది. వేళ దాటాక వచ్చినవారికి "రూలు అంతే" అని చెప్పేదాన్ని. వాళ్లూ అంతే అనుకుని వెళ్లేవారు.

అది రూలు ఎందుకైందో చాలా ఏళ్లకు గాని నాకు అర్థం కాలేదు. వేల ఖాతాలకు రోజురోజు నిల్వ మీద వడ్డీ చేత్తో కట్టడం ఏ బ్రాంచికీ సాధ్యం కాదు. అర్ధ సంవత్సరానికోసారి వడ్డీలు వేసేటప్పుడు, ఈ సులువు లెక్కకే మేము రాత్రి పది, పదకొండింటిదాకా కూర్చునేవాళ్లం. కంప్యూటర్లు అన్ని బ్రాంచీలకూ వచ్చి కుదురుకున్నాక, 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద వడ్డీ కట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ ఒక్క ఆదేశంతో 10వ తేదీ పరుగు ఆగిపోయింది. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లూ కలానికి చేతకానిదాన్ని నియమం అని పిలిచాం. ఆ చేతకానితనానికి మూల్యం చెల్లించింది మాత్రం ఖాతాదారు.

అప్పటినుంచి ఏ కార్యాలయంలో "రూలు అంతే" అన్నా, అది నిజంగా న్యాయం కోసం పెట్టిన రూలా, పాత పద్ధతికి చేతకాక పుట్టిన రూలా అని తరచి చూడడం అలవాటైంది. నెలాఖరు వారంలో పాస్‌బుక్ రాయడం కుదరదని చెప్పేవాళ్లం. ఎందుకంటే లెడ్జర్లు టాలీ చేసుకోవాలి. మధ్యాహ్నం రెండింటికి లావాదేవీలు ఆపేవాళ్లం. ఎందుకంటే సాయంత్రంలోగా ఆ రోజు పద్దు ముగియాలి. మీ ఖాతా ఏ బ్రాంచిలో ఉంటే అక్కడికే వెళ్లాలనేవాళ్లం. ఎందుకంటే సంతకం కార్డు అక్కడే ఉంది. ఇవన్నీ రూళ్లే. వీటిలో ఒక్కటీ ఇప్పుడు లేదు, దేశం మునిగిపోనూ లేదు.



యంత్రాలు ఒక్కరోజులో రాలేదు. బ్యాంకుల్లో యంత్రీకరణ మీద 1983లో యూనియన్లకూ యాజమాన్యాలకూ ఒప్పందం కుదిరింది. సి. రంగరాజన్ అధ్యక్షతన రిజర్వు బ్యాంకు వేసిన కమిటీ 1984లో నివేదిక ఇచ్చింది. ఆ తరువాత పెద్ద బ్రాంచీలకు లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు, అంటే ఖాతాల పద్దులు ఎక్కించే యంత్రాలు, రావడం మొదలైంది. మా దగ్గరికి వచ్చేసరికి ఇంకా చాలాకాలం పట్టింది. గేటు మీటింగుల్లో మేమందరం భయంగానే నినాదాలిచ్చాం. ఉద్యోగాలు పోతాయన్న భయం ఉత్త భయం కాదు. మా తరువాత గుమాస్తాల నియామకాలు చాలా ఏళ్లపాటు అరుదైపోయాయి. ఇది కూడా చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు.

అయినా బ్యాలెన్సింగ్ రాత్రులు, అంటే లెడ్జర్ల మొత్తాలు సరిపోయేదాకా కూర్చున్న రాత్రులు, చూసినవాళ్లెవరూ పాత పద్ధతిని ముద్దుచేయలేరు. ఒక లెడ్జర్లో తొమ్మిది రూపాయల తేడా వచ్చేది. అంకెలు తారుమారైతే తేడా తొమ్మిదితో భాగింపబడుతుందని మాకు తెలుసు కాబట్టి, ఎక్కడ 54ను 45గా రాశామా అని పేజీ పేజీ తిప్పేవాళ్లం. ఇద్దరం కూర్చుని, ఒకరు చదువుతుంటే ఒకరు టిక్కు పెట్టేవాళ్లం. ఇంట్లో పిల్లలు నిద్రపోయే వేళకు తేడా దొరికేది. దొరికిన క్షణంలో కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఆ సంతోషం కోసం ఆ రాత్రులు తిరిగి రావాలని మాత్రం కోరుకోను.



జనం అడగడం మొదలుపెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. సెలవు మీద వచ్చిన ఒక జవాను పాస్‌బుక్ పట్టుకుని వచ్చాడు. ఖాతా మా బ్యాంకులోదే, కాని ఉత్తరాదిలో అతను పనిచేసే చోటి బ్రాంచిలోది. ఇక్కడ తీయడానికి వీల్లేదని చెప్పాను. అతను గొంతు పెంచలేదు. నిదానంగా అడిగాడు.

"మేడమ్, రైల్వే స్టేషనులో ఏ ఊరినుంచి ఏ ఊరికి కావాలన్నా ఇక్కడే రిజర్వేషను టికెట్టు ఇస్తున్నారు. నా డబ్బు మాత్రం నాకు ఎందుకు ఇవ్వలేరు?"

నా దగ్గర జవాబు లేదు. రైల్వేలో 1985లో దిల్లీలో మొదలైన కంప్యూటర్ రిజర్వేషను తొంభైల చివరికి దేశమంతటా ఒకదానితో ఒకటి కలిసింది. అంతకుముందు తిరుగు ప్రయాణం టికెట్టు కోసం ఆ ఊరి స్టేషనుకు వర్తమానం పంపి ఎదురుచూసేవాళ్లం. ఆ మార్పును అతను టికెట్టు కౌంటర్లో చూశాడు. చూసినదాన్ని మా కౌంటరుకు తెచ్చాడు. ఒక సంస్థ ఒక పని చేసి చూపిస్తే, జనం ఆ కొలతతోనే మిగతా సంస్థలన్నిటినీ కొలుస్తారు. బ్యాంకులో క్షణంలో నిల్వ కనిపించాక, రిజిస్ట్రేషను కార్యాలయంలో దస్తావేజు నకలుకు ఎందుకు అన్ని రోజులని అడుగుతారు. పార్సిల్ ఏ ఊరు చేరిందో ఫోనులో కనిపించాక, నా దరఖాస్తు ఏ బల్ల మీద ఉందో ఎందుకు కనిపించదని అడుగుతారు. అడగాలి కూడా. ఆ జవాను అడిగింది కొన్నేళ్లలోనే నిజమైంది. బ్రాంచీలన్నిటినీ కంప్యూటర్లతో కలిపే కోర్ బ్యాంకింగ్ వచ్చి, ఖాతా బ్రాంచిది కాకుండా బ్యాంకుది అయింది. ఆ మార్పు జరిగిన వారం మొదటిసారి పైఊరి ఖాతాదారుకు మా కౌంటర్లో డబ్బిచ్చినప్పుడు, నా మనసులో ఆ జవాను మెదిలాడు.



ఇంకో సంఘటన. ఏటీఎంలో నోట్లు రాకుండానే ఖాతాలో సొమ్ము తగ్గిన ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. మా మేనేజరు "దరఖాస్తు ఇచ్చి వెళ్లమ్మా, వచ్చినప్పుడు వస్తుంది" అన్నారు. ఆమె పుస్తకాల మధ్యనుంచి ఒక కాగితం తీసింది. రిజర్వు బ్యాంకు సర్క్యులర్, ఇంటర్నెట్ కేంద్రంలో ప్రింటు తీయించుకుని వచ్చింది.

"వచ్చినప్పుడు కాదండీ, ఏడు పనిదినాల్లో రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున నాకు పరిహారం ఇవ్వాలి. ఇందులో ఉంది" అంది.

మేనేజరు ముఖం ఎర్రబడింది. "ఇవన్నీ నీకెవరు నేర్పారు?" అన్నారు. ఆమె "వెబ్‌సైటులో ఉందండీ" అంది, వినయంగానే. ఆ ఒక్కమాటతో నా ఒళ్లు గగుర్పొడిచింది. మాకు వచ్చే సర్క్యులర్లు ఫైలులో గుచ్చి బీరువాలో పెట్టేవాళ్లం. నియమం మా బీరువాలో ఉన్నంతకాలం మేము చెప్పిందే నియమం. ఇప్పుడు అది ఆమె చేతిలో కూడా ఉంది. దండం పెట్టి వెళ్లిన ఆ కూలి పెద్దాయన మనవరాలి వయసు ఆమెకు. ఆ సాయంత్రం ఆ అమ్మాయి ఫిర్యాదును నేనే దగ్గరుండి పంపించాను.

ఆ గడువు చరిత్రే చాలా సంగతులు చెబుతుంది. 2009లో ఏటీఎం ఫిర్యాదు తీర్చడానికి 12 పనిదినాల గడువు ఉండేది. 2011 జూలై నుంచి ఏడు పనిదినాలు చేశారు. 2019లో మరో ఆదేశంతో లావాదేవీ జరిగిన రోజు తరువాత ఐదు రోజులకు దించారు. మనిషికి మనిషికి మధ్య పంపిన యూపీఐ సొమ్ము చేరకపోతే, మర్నాటికల్లా వెనక్కి రావాలని అదే ఆదేశంలో ఉంది. ఒక బ్యాంకునుంచి ఇంకో బ్యాంకుకు సొమ్ము పంపే నెఫ్ట్ 2005లో మొదలైనప్పుడు పనివేళల్లో విడతలవారీగా నడిచేది, 2019 డిసెంబరు 16 నుంచి రాత్రీ పగలూ, ఆదివారమూ పండగా లేకుండా నడుస్తోంది. 2016లో మొదలైన యూపీఐలో 2023 ఆగస్టు వచ్చేసరికి ఒక్క నెలలోనే వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి. మూడు వారాలు కౌంటరుకు దూరంగా నిలబడ్డ ఆ తల్లి కాలంనుంచి ఇక్కడిదాకా రావడం నేను కళ్లారా చూశాను. జనం తొందరపడుతున్నారని విసుక్కునేవాళ్లకు ఈ తేదీలే నా జవాబు. ఆ తొందర లేకపోతే 12 పనిదినాల గడువు ఐదు రోజులు అయ్యేది కాదు.



అలాగని అంతా బాగుందని రాయలేను.

మా రోజుల్లో పని ఆగితే ఎక్కడ ఆగిందో కంటికి కనిపించేది. లెడ్జర్ అధికారి బల్ల మీద ఉంది, ఆయన భోజనానికి వెళ్లారు. కోపం వచ్చినా, రాకపోయినా ఆగినచోట ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషికి పేరుండేది. మా అటెండరు ఊళ్లో సగం మందిని వరసలు పెట్టి పిలిచేవాడు. కళ్లు ఆననివారి ఫారాలు తనే పట్టుకుని బల్ల బల్లకూ తిరిగేవాడు. ఇప్పుడు పని ఆగితే "సర్వర్ డౌన్" అంటారు. సర్వరును ఎవరు బాగుచేస్తారు, ఎప్పటికి అవుతుంది, ఎవరిని అడగాలి? చెప్పేవారుండరు. ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. ఏది నొక్కినా మనం చెప్పాలనుకున్నది అందులో ఉండదు. యంత్రం వేగాన్ని తెచ్చింది. దానితోపాటు జవాబు చెప్పకుండా తప్పించుకునే కొత్త దారిని కూడా సంస్థలకు ఇచ్చింది. "రూలు అంతే" పోయి "సిస్టమ్ తీసుకోవడం లేదు" వచ్చింది. రెండూ నాకు ఒకేలా వినిపిస్తాయి.

మోసాల సంగతీ అంతే. డబ్బు క్షణంలో వెళ్తుంది కాబట్టి దొంగ కూడా క్షణంలోనే పట్టుకుపోతున్నాడు. బ్యాంకుదీ ఖాతాదారుదీ తప్పులేకుండా బయటివాళ్ల వల్ల సొమ్ము పోతే, మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం ఉండకూడదని 2017లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. 1930 నంబరుకు వెంటనే ఫోను చేయమని ఊరూరా చెబుతున్నారు. మంచిదే. కాని మోసపోయిన మనిషి బ్యాంకుకు పరుగెత్తుకొచ్చినప్పుడు మొదట వినిపించేది ఇప్పటికీ "మీరెందుకు ఓటీపీ చెప్పారు?" అన్న గద్దింపే. సొమ్ము పంపడంలో చూపించిన వేగాన్ని ఆపడంలో కూడా చూపించమని జనం అడిగితే అది అత్యాశ కాదు.



పెన్షనర్ల నవంబరు గురించి కూడా చెప్పాలి. బతికి ఉన్నామని ఏటా రుజువు చేసుకునే నెల అది. మా రోజుల్లో ఆ నెలంతా బ్రాంచి ఒక కలయిక. కర్రలు పట్టుకుని, మనవల భుజాలమీద చెయ్యి వేసుకుని వచ్చేవారు. మేము ముఖం చూసి, రిజిస్టరులో సంతకం తీసుకుని, పోయినవారి సంగతి వచ్చినవారినుంచే వినేవాళ్లం. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలిముద్రతో ఎక్కడినుంచైనా రుజువు ఇవ్వొచ్చు. ఆ తరువాత ముఖం చూపించి ఫోనులోనే ఇచ్చే వీలూ వచ్చింది. మంచం మీద ఉన్నవారికి అది ఎంత మేలో చెప్పలేను.

మా పక్కింటి పిన్నిగారికి మాత్రం అది అడ్డంకి అయింది. భర్త పోయాక వచ్చే కుటుంబ పింఛనే ఆవిడకు ఆధారం. ఎనభై దాటాయి. జీవితమంతా చాకిరీ చేసిన చేతులు. వేళ్ల మీద గీతలు అరిగి నునుపైపోయాయి. ఈమధ్య ఆవిడను వెంటబెట్టుకుని నేనే బ్యాంకుకు తీసుకెళ్లాను. కౌంటరులోని అబ్బాయి చిన్న యంత్రం ముందుకు జరిపాడు. ఆవిడ బొటనవేలు పెట్టింది. ఎర్ర దీపం. చూపుడువేలు. ఎర్ర దీపం. కొంగుతో వేళ్లు తుడుచుకుని, అబ్బాయి చెప్పినట్టు ఊది, గట్టిగా నొక్కి మళ్లీ పెట్టింది. పది వేళ్లూ అయ్యాయి. "సిస్టమ్ తీసుకోవడం లేదు బామ్మగారూ, రేపు రండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆవిడ తన చేతివైపు చూసుకుంది.

కాగితం మీద ఇచ్చే లైఫ్ సర్టిఫికేట్‌ను ఎవరూ రద్దు చేయలేదని, మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు సంతకం తీసుకోవచ్చని, అసలు డెబ్భై దాటినవారికి లైఫ్ సర్టిఫికేట్ వంటి సేవలు ఇంటివద్దే అందించమని 2017 నవంబరులోనే రిజర్వు బ్యాంకు చెప్పిందని నేను చెప్పాను. అబ్బాయి లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, పైనుంచి డిజిటల్‌లోనే చేయమన్నారని చెప్పాడు. పైన ఎవరు అంటే ఎవరికీ తెలియదు. మరుసటి నెల పింఛను ఆగిపోయింది. నన్ను అడిగితే ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతని ముందు ఉన్న తెరలో "ఈమె ఎదురుగా ఉన్నారు" అని నొక్కే మీట ఎవరూ పెట్టలేదు. పెట్టనివారి మీద కోపం.

ఫిర్యాదు రాద్దామన్నాను. పిన్నిగారు మొదట భయపడ్డారు. "ఎందుకమ్మా, రేపు మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి కదా" అన్నారు. రెండు రోజులు ఆలోచించుకుని తనే వచ్చి "రాయి" అన్నారు. ఆవిడ హాల్లో కుర్చీలో కూర్చుంటే నేను ఫోనులో బ్యాంకు వెబ్‌సైటు తెరిచి ఒక్కొక్క గడీ నింపుతూ ఆవిడకు చదివి వినిపించాను. పంపితే ఏమవుతుందని అడిగారు. బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలని, ఇవ్వకపోయినా, ఆ జవాబు మనకు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చని, దానికి రుసుము ఉండదని చెప్పాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

"ముప్పై రోజులు దేనికమ్మాయ్? నా మనవడు అక్కడ నొక్కితే నా ఫోను ఇక్కడ వెంటనే మోగుతుంది. నేను బతికున్నానని తెలుసుకోవడానికి వీళ్లకు ముప్పై రోజులు కావాలా?"

వివరాలు రాయమన్న గడిలో ఇంకా చోటుంది. ఆవిడ అన్నది అన్నట్టుగా చివర చేర్చి, పైకి ఒకసారి చదివి వినిపించి, పంపించాను.